పప్పు అడగని మనం

మిర్యాలగూడలో ఏ రైస్ మిల్లుకైనా వెళ్లి, వడ్లు పోసే చోటి నుంచి సంచులు కుట్టే చోటిదాకా నడిస్తే చాలు, మనం ఏం పోగొట్టుకుంటున్నామో కంటికే కనిపిస్తుంది. ఊక పోగానే గింజ గోధుమ రంగులో ఉంటుంది. తర్వాత పాలిష్ మొదలవుతుంది. ఒక్కో దఫాకూ గింజ తెల్లబడుతుంది, కింద తవుడు పోగవుతుంది. పీచు, బి విటమిన్లు, ఇనుము చాలావరకు ఆ తవుడులోనే వెళ్లిపోతాయి. అది నూనె తీసే ఫ్యాక్టరీకి పోతుంది, మిగిలిన పిండి పశువుల దాణాలో కలుస్తుంది. తెల్లగా నిగనిగలాడేది మన ఇంటికి వస్తుంది. ఉప్పుడు బియ్యమైతే వడ్లను నానబెట్టి ఉడికించేటప్పుడే కొంత సత్తువ గింజలోకి ఇంకుతుంది. అదీ మన మిల్లుల్లోనే తయారవుతుంది కానీ మన పొయ్యి ఎక్కదు, ఇతర రాష్ట్రాలకు లారీ ఎక్కుతుంది. ఇందుకు మిల్లర్లను అనలేం. దుకాణంలో గుప్పెడు బియ్యం అరచేతిలో పోసుకుని, కాస్త మబ్బుగా ఉంటే వద్దని పక్కన పెట్టించింది మనమే.

ఈ తెల్లన్నం మనకు రోజువారీ తిండి అయింది కాలువ నీళ్లు వచ్చాకే. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మన చేలు తడిశాయి. అంతకుముందు జొన్న గట్క, సజ్జ రొట్టె, అంబలి తిన్న ప్రాంతం ఇది. ఆ రోజుల్ని నేను పొగడలేను, ఆ గట్క కూడా అందని గడపలు ఎన్నో ఉండేవి. పండక్కో, చుట్టం వచ్చినప్పుడో దొరికే తెల్లన్నం రోజూ దొరకడం మన పెద్దలకు నిజంగానే గొప్ప విడుదల. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక పేద ఇంట్లోనూ కుండ నిండింది. తప్పు అక్కడ జరగలేదు, ఆ తర్వాత జరిగింది. కడుపు నిండితే చాలనుకుని కంచంలో మిగతావాటి సంగతి వదిలేశాం. గట్ల మీద కందులు వేయడం మానేశాం, ఏటా రెండు పంటలూ వరే. జొన్నలు ఇప్పుడు మళ్లీ వస్తున్నాయి, కానీ షుగర్ వచ్చిందని డాక్టర్ చెప్పిన తర్వాత.

2025 మార్చి 30న, ఉగాది రోజున, సన్నబియ్యం పథకం మొదలైంది మన హుజూర్‌నగర్‌లోనే. రేషన్ కార్డులో ఉన్న ఒక్కో మనిషికి ఆరు కిలోలు ఉచితం. నలుగురున్న ఇంటికి నెలకు 24 కిలోలు. అంతకుముందు రేషన్‌లో వచ్చిన దొడ్డు బియ్యం తినలేక సన్నబియ్యం కొనుక్కున్న కుటుంబాలకు ఆ మేరకు డబ్బు మిగిలింది. మరి ఆ డబ్బుతో కంచంలోకి ఏం వచ్చింది? పప్పు ఓ గరిటె పెరిగిందా? పిల్లలకు రోజూ గుడ్డు అందిందా? కోదాడ బస్టాండు దగ్గరైనా, సూర్యాపేట సందుల్లోనైనా, ఏ కిరాణా కొట్టు ముందైనా వేలాడే చిప్స్ ప్యాకెట్ల దండలు చూడండి, డబ్బు ఎటు పోతోందో తెలుస్తుంది. ఆ కొట్టు లోపలే గోనెల్లో పల్లీలు, పెసర్లు, బొబ్బర్లు ఉన్నాయి. పుంటికూర, తోటకూర కట్టలు తోపుడుబండి మీద ఉన్నాయి. ఈ విషయంలో డబ్బు లేదన్న మాట కూలి పని చేసుకునే ఇంటికి చెల్లుతుంది, నెల జీతం తీసుకునే మన ఇళ్లకు చెల్లదు.

కూలి ఇంటి సంగతిలోనూ మన బాధ్యత ఉంది. 2013లో ‘అమ్మ హస్తం’ పేరుతో రేషన్ షాపులో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చారు, అందులో కందిపప్పు ఒకటి. నాణ్యత బాగాలేదని తిట్టుకున్నాం, ఆ తిట్టు న్యాయమే. కానీ కొన్నాళ్లకు పప్పు రేషన్ షాపులో కనిపించకుండా పోతే ఎవరం నిలదీశాం? ధాన్యం కొనుగోలు ఆలస్యమైతే రోడ్డెక్కుతాం, కాలువకు నీళ్లు రాకపోతే రోడ్డెక్కుతాం. పప్పు కోసం రోడ్డెక్కలేదు. రాసేవాళ్లం, చదువు చెప్పేవాళ్లం, సంఘాలు నడిపేవాళ్లం, మనలో ఎవరికీ అది అడగాల్సిన విషయంగా తోచలేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజంతా మనకు అందే శక్తిలో తిండిగింజల వాటా 45 శాతం దాటకూడదు. మన కంచంలో గుట్టలా అన్నం, దాని పక్కన రెండు చెంచాల కూర. లెక్క తలకిందులుగా ఉంది. నడక, నిద్ర, ఉప్పు తగ్గించడం గురించి మన వాట్సాప్‌లో రోజూ తిరుగుతూనే ఉంటుంది. ఈ గుట్ట గురించి మాత్రం మాట్లాడుకోం.

ఆ రెండు చెంచాల కూరైనా అందరికీ అందుతుందా? ముందు మగవాళ్లు, పిల్లలు తింటారు. చివర కూర్చునే ఆడమనిషికి గిన్నెలో మిగిలేది అడుగున అంటిన పప్పు. ఆమె అన్నంలో చారు పోసుకుని, పచ్చడి నంజుకుని లేస్తుంది, వెంటనే టీ తాగుతుంది. ఆ టీ తిన్నదాంట్లోని కాస్త ఇనుమునూ ఒంటికి సరిగా పట్టనివ్వదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో అది 70 శాతం. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో గుడ్డు, పాలు, అన్నం, పప్పు ఒక పూట పెడుతున్నారు. అది ఆ కొన్ని నెలలకే. మిగతా ఏళ్లన్నీ ఆమె మన వంటింట్లోనే, మన తర్వాతే తింటుంది. మారు వడ్డించుకునే ముందు గిన్నెలో ఆమెకు ఎంత మిగిలిందో చూడాలని మన నాన్నలు మనకు చెప్పలేదు, మనమూ మన కొడుకులకు చెప్పలేదు.