భయపెట్టే సరదా.. ఎవరి మీద?

అక్టోబరు నెలాఖరు వస్తే చాలు, ఫోన్లలో దయ్యాల రీల్స్ మొదలవుతాయి. 31న విదేశాల్లో జరుపుకొనే హాలోవీన్ ఆ రీల్స్‌తోపాటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇళ్లలోకీ వస్తోంది. తెల్లచీర కప్పుకొని నానమ్మ గది ముందు నిలబడటం, కరెంటు పోగానే ముసుగు వేసుకొని తమ్ముడి మీదికి దూకడం, అమ్మ కెవ్వున అరుస్తుంటే వీడియో తీయడం.. ఇవన్నీ సరదాకే అంటారు. సరదాతో నాకు పేచీ లేదు. కానీ ఈ ఆటకు ఎవరిని ఎంచుకుంటున్నారో ఒక్కసారి చూడండి. ఇంట్లో అందరికంటే తేలిగ్గా భయపడేవాళ్లనే. దెబ్బ గట్టిగా తగిలేదీ వాళ్లకే.

గుండె మీద భారం

ఉలిక్కిపడగానే ఒంట్లో అడ్రినలిన్ ఒక్కసారిగా పెరుగుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, బీపీ పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లకు కొద్ది నిమిషాల్లో అంతా సర్దుకుంటుంది. బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్న పెద్దవాళ్ల విషయం వేరు. తీవ్రమైన ఉద్వేగం వల్ల గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే ‘టాకోట్సుబో’ అనే సమస్యను 1990లో జపాన్ వైద్యులు గుర్తించారు. నెలసరి ఆగిపోయిన మహిళల్లో ఇది ఎక్కువ. 2005లో అమెరికా వైద్యులు ఇలాంటి 19 మంది వివరాలు ప్రచురిస్తే, వారిలో 18 మంది మహిళలే. ఆత్మీయుల మరణవార్త విన్నవారితోపాటు, ఇంట్లోవాళ్లు చెప్పకుండా ఏర్పాటు చేసిన పార్టీతో ఉలిక్కిపడ్డవారూ అందులో ఉన్నారు. ఈ సమస్య అరుదే, చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు కూడా. అయితే ఛాతీనొప్పి, ఆయాసం అచ్చం గుండెపోటులాగే ఉంటాయి. ఏది ఏదో ఇంట్లో తేల్చలేం. ఈసీజీ, రక్తపరీక్షలు, ఒక్కోసారి యాంజియోగ్రామ్ కావాలి.

అంతకంటే తరచుగా జరిగేది కిందపడటం. ఎముకలు గుల్లబారిన అరవై, డెబ్బై ఏళ్లవాళ్లు అదిరిపడి జారితే తుంటి ఎముక విరగొచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవారికి తలకు దెబ్బ తగిలితే లోపల రక్తస్రావం అయ్యే ముప్పు ఉంటుంది. గర్భిణులు పడితే ఇద్దరికీ ప్రమాదమే. పొయ్యి మీద నూనె కాగుతున్నప్పుడు, మెట్లు దిగుతున్నప్పుడు, నోట్లో ముద్ద ఉన్నప్పుడు భయపెడితే ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

పిల్లలకు అది ముసుగు కాదు

అయిదారేళ్ల లోపు పిల్లలకు నిజానికీ నటనకూ తేడా పూర్తిగా తెలియదు. ముసుగు తీసి ‘నేనేరా’ అని నవ్వినా, రాత్రి చీకట్లో వాడికి గుర్తొచ్చేది ఆ మొహమే. నిద్రలో లేచి ఏడవడం, మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలవడం, ఒంటరిగా బాత్రూమ్‌కు వెళ్లకపోవడం ఇలాగే మొదలుకావచ్చు. ‘మగపిల్లాడివి, భయమేంటి’ అని ఎగతాళి చేస్తే భయం పోదు, చెప్పుకోవడం మానేస్తాడు.

మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. పాలమూరు పల్లెల్లో దయ్యం, చేతబడి, బాణామతి అనే మాటలు చాలామందికి ఇప్పటికీ నిజమైన భయాలు. సెలవులకు ఊరెళ్లిన పిల్లలు అక్కడి పెద్దవాళ్ల మీద ఈ ఆట ఆడితే అది నవ్వుతో ముగియకపోవచ్చు. ఆ తర్వాత కళ్లు తిరిగినా, జ్వరమొచ్చినా ‘గాలి సోకింది’ అంటూ తాయెత్తుల చుట్టూ తిరుగుతారు. గుండెపోటుకైనా, పక్షవాతానికైనా చికిత్సలో మొదటి గంటలే కీలకం. ఆ గంటలు అక్కడ కరిగిపోతాయి. మీరు వేసిన వేషం మీకు సరదా, వాళ్లకు సాక్ష్యం.

వేషాలు మనకు కొత్త కాదు

పులివేషం చూసి పిల్లలు పరుగెత్తడం మనకు తెలిసిందే. కానీ పులి కంటే ముందు డప్పు వినిపిస్తుంది. భయపడేవాడు అమ్మ కొంగు చాటుకు వెళ్లొచ్చు. హాలోవీన్‌లోనూ అంతే. వేషాలేసుకొని తలుపు తట్టే పిల్లలు వస్తారని ఇంటివాళ్లకు ముందే తెలుసు. నిద్రలో ఉన్న మనిషి మీద పడటం ఏ పండగా కాదు. అందరికీ తెలిసేలా వేషాలు వేయండి, దయ్యాల కథలు చెప్పుకోండి, ఇష్టమైనవాళ్లను కూర్చోబెట్టి సినిమా చూడండి. వద్దన్నవాళ్లను వదిలేయండి. ఏడుస్తున్న మనిషి వీడియోను అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకండి.

పొరపాటున జరిగితే..

స్పృహ తప్పినవారిని వెల్లకిలా పడుకోబెట్టి, దెబ్బలేమీ లేకపోతే కాళ్లు కాస్త ఎత్తి పెట్టండి. నోట్లో నీళ్లు పోయొద్దు. ఒక నిమిషంలో తెలివి రాకపోయినా, ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే 108కి చెప్పి, వచ్చేదాకా ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి. పడ్డవాళ్లు లేవలేకపోతే బలవంతంగా నిలబెట్టొద్దు, తుంటిని మర్దన చేయొద్దు. భయపడిన పిల్లాడికి వెలుతురులో ఆ ముసుగు చూపించి, చేసింది ఎవరో నిజం చెప్పండి. కొన్ని రాత్రులు పక్కనే పడుకోండి. రెండు మూడు వారాలైనా భయం తగ్గకపోతే ఉచిత సేవ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి తీసుకురండి.