ఆకాశమున దూకువారు ప్రయాణికులైనప్పుడు

ఎక్కినది వందలసార్లు, దిగినది కొలదిసార్లు. అయినను ప్రతిసారియు ఇల్లు చేరినది. ఎవరామె? పిల్లల పొడుపుకథవలె నున్న ఈ మాటకు విడుపు కష్టము కాదు. పారాషూట్ అను గాలిగొడుగును వీపునకు కట్టుకొని, ఎగురుచున్న విమానమునుండి వేడుకకై దూకు సాహసికురాలే ఆమె. ఇట్టివారు విమానముతో పైకి పోవుదురు. క్రిందికి మాత్రము తమ దారిని తాము వత్తురు. 1979లో దూకి, ఈ క్రీడయందు భారతస్త్రీలలో ప్రథమురాలని పేరొందిన రేచల్ థామస్ అను రైల్వే ఉద్యోగిని తన జీవితమున ఆరువందలకు పైగా దూకినది. అనగా అన్నిసార్లును ఆమె ఎక్కిన విమానము ఆమె లేకయే నేలకు దిగినదన్నమాట.

అట్టివారు మనవలె టిక్కెట్టు కొని, పెట్టె సర్దుకొని, పెద్ద విమానములో ప్రయాణికులుగా కూర్చుండినప్పుడు వారి మనసెట్లుండును? ఈ నెల మేము ముచ్చటింపదలచినది ఈ విషయమును గూర్చియే. పైకి వినోదముగా తోచినను, ఇందు మన గృహిణులకు పనికివచ్చు సంగతి యొకటి కలదు.

కోటబొమ్మాళి ప్రాంతమువారికి విశాఖపట్టణము పోయి విమానమెక్కుట నేడు వింత కాదు. ఒక యింటి కుమారుడు గల్ఫుదేశమున పనిచేయుచుండును. మరియొక యింటి కుమార్తె అమెరికాలో కాపురముండును. ఆమె పురుటికి తల్లి పోవలసివచ్చును. ఈ మండలములోని నిమ్మాడ గ్రామమునకు చెందిన కింజరాపు రామమోహన నాయుడుగారు 2024 జూన్ నెలలో కేంద్ర పౌరవిమానయాన శాఖకు మంత్రి యైరి. విమానము మాట మన యూరికి ఇంత చేరువైనను, తొలిసారి ప్రయాణమగు తల్లి గుండెలోని భయము మాత్రము తొలగలేదు. ఆ భయమునకు కారణము లేకపోలేదు. 2025 జూన్ 12వ తేదీన అహమ్మదాబాదునుండి లండనుకు బయలుదేరిన విమానము కొన్ని వందల అడుగుల యెత్తునకు లేచి వెంటనే కూలినది. అందున్న 242 మందిలో ఒక్కరు తప్ప అందరును మరణించిరి. ఆ వార్త విన్న తల్లిని “భయమెందుకు?” అని గదమాయించుట న్యాయము కాదు. భయము నెరిగినవారినే అడుగుట మేలు. ఆకాశమున దూకువారికంటె దానిని బాగుగా నెరిగినవారెవరు?

ఈ సాహసము పురుషులకే చెల్లునని యెవరును తలపరాదు. 1799 అక్టోబరు 12న ఫ్రాన్సుదేశపు వనిత జీన్ జెనెవీవ్ లాబ్రోస్ బెలూనునుండి గాలిగొడుగుతో దిగి, స్త్రీలలో మొదటిది యైనది. 1913 జూన్ 21న అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున టైనీ బ్రాడ్‌విక్ విమానమునుండి దూకిన ప్రథమస్త్రీ యైనది. టైనీ యనగా చిట్టి యని యర్థము. ఆమె అంత పొట్టిది. మన పూనా నగరపు శీతల్ మహాజన్ 2004లో ఉత్తరధ్రువముననూ, 2006లో దక్షిణధ్రువముననూ దూకినది. 2018 ఫిబ్రవరిలో థాయిలాండు దేశమున తొమ్మిదిగజముల చీర కట్టి, సుమారు 13,000 అడుగుల యెత్తునుండి దూకినది. చీర ఆమెకు అడ్డుపడలేదు.

అంత యెత్తునుండి దూకినవారు గంటకు సుమారు 120 మైళ్ల వేగమున దాదాపు ఒక నిమిషము పడి, పిమ్మట గొడుగు విప్పుదురు. ఇట్టి మనుష్యులు విమానపు కిటికీయొద్ద కూర్చుండి గుండె దిటవుతో నవ్వుచుందురని మనము తలచుదుము. వారు చెప్పుకొను మాటలు వేరుగా నున్నవి.

ఎత్తు వారిని బాధింపదు. అది మనలను గూడ అంతగా బాధింపదు. మేడ పిట్టగోడయొద్ద నిలిచి క్రిందికి చూచినచో కన్ను తిరుగువారును, విమానపు కిటికీలోనుండి మబ్బులను చూచునప్పుడు తిరుగుడు లేకుండుట కలదు. నేలకును మనకును నడుమ కంటికి ఆనవాలైన గోడ లేకుండుటచే ఎత్తు ఎత్తుగా తోచదు.

వారిలో పలువురకు వింతగా తోచునది దిగుట. తాము దూకు చిన్న విమానములో వారు కూర్చుండి క్రిందికి వచ్చుట అరుదు. మబ్బు క్రమ్మియో, గాలి హెచ్చియో దూకుట మానుకొన్ననాడే అట్లు వత్తురు. కావున పెద్ద విమానము చక్రములు దింపి, నేల పైకి వచ్చుచున్నట్లు కనబడునప్పుడు, వారి మనసు “తలుపు తెరువలేదే, మనమింకను లోపలనే యున్నామే” యని కలవరపడును. భుజములపై పట్టీలు లేకుండుట ఆ సమయమున లోటుగా తెలియును. తలుపు తెరచియున్నప్పుడు నిశ్చింతగా నుండువారు, తలుపు మూసియున్నప్పుడు చింతపడుట చిత్రముగదా!

దీనికి కారణము మన ప్రాంతమువారికి సులభముగా బోధపడును. ఉద్దానమున కొబ్బరిచెట్లెక్కు మనిషిని చూడుడు. కాళ్లకు త్రాటిబంధము వేసుకొని నిట్టనిలువు చెట్టును నిమిషములో ఎక్కును. ఆ మనిషినే కొత్తమ్మతల్లి జాతరవంటి యుత్సవములలో రంగులరాట్నముపై కూర్చుండబెట్టినచో, పైకి పోవునప్పుడు కమ్మీని గట్టిగా పట్టుకొని కన్నులు మూసికొన్నను ఆశ్చర్యము లేదు. చెట్టుపై తన చేయి, తన కాలు, తాను పరీక్షించిన త్రాడు కలవు. రాట్నముపై తనవి వట్టిచేతులు. త్రిప్పువాడు వేరొకడు. భయము ఎత్తునుండి పుట్టలేదు, వట్టిచేతులనుండి పుట్టినది.

ప్రయాణికురాలి భయమును ఇట్టిదియే. అయినచో అందరకును ఒక్కొక్క గాలిగొడుగు ఇచ్చి చేతులు నింపరాదా యని కొందరడుగుదురు. దానివలన ఫలము లేదు. పెద్ద విమానము సుమారు 35,000 అడుగుల యెత్తున, గంటకు 500 మైళ్లకు మించిన వేగమున పోవును. వెలుపల చలి సున్నకు దిగువ 50 డిగ్రీలు. ఆ గాలిలో మనిషికి తెలివి నిలుచునది అరనిమిషమో, ఒక నిమిషమో. తలుపు తెరచుటయు సాధ్యము కాదు. ఆవిరి నిండిన కుక్కరునకు లోపలివైపునుండి బిగియు మూత యున్నచో, ఎంత లాగినను రాదని మనమెరుగుదుము. విమానపు తలుపును అట్టిదే. లోపలి గాలి చదరపు అంగుళమునకు దాదాపు 8 పౌనుల చొప్పున దానిని నొక్కుచుండును. ఆరడుగుల తలుపుపై అది మొత్తము పది టన్నులకు పైబడును.

ప్రయాణికుల విమానమునుండి దూకినవాడు లేకపోలేదు. 1971 నవంబరు 24న అమెరికాలో, పత్రికలు డి.బి. కూపర్ అని పేరుపెట్టిన దుండగుడొకడు విమానమును బెదరించి వశపరచుకొని, రెండులక్షల డాలర్లతో వెనుకమెట్లనుండి దూకెను. అందులకై విమానమును 10,000 అడుగుల యెత్తున మెల్లగా నడిపించుకొనవలసివచ్చినది. వాడేమయ్యెనో నేటికిని తేలలేదు. ఇక ప్రమాదములలో పెక్కు భాగము లేచునప్పుడును దిగునప్పుడును జరుగును. అహమ్మదాబాదు విమానమువలె నేలకు చేరువగా నున్నచో, ఆరితేరిన సాహసికునకును గాలిగొడుగు విప్పుకొనుటకు చాలిన యెత్తుండదు.

అయినచో దూకువారు తమ భయమును ఎట్లు అణచుకొందురు? ధైర్యముతో కాదు, పద్ధతితో. విమానమెక్కకముందు పట్టీలను చూచుకొందురు. ఎక్కిన పిమ్మట చూచుకొందురు. దూకబోవునప్పుడు మరల చూచుకొందురు. పైకి లేచునప్పుడు సాధారణముగా 1,500 అడుగులు దాటువరకు నడుముపట్టీ విప్పరు. ఇంకొక సంగతి గమనింపదగినది. వారి వీపుపై రెండు గొడుగులుండును. మొదటిది చాలమంది తామే మడచుకొందురు. అది విప్పుకొననిచో ప్రాణము కాపాడవలసిన రెండవదానిని మాత్రము, అమెరికా నియమముల ప్రకారము, పరీక్ష నెగ్గిన పనివాడే మడవవలెను. 180 దినములకొకసారి మరల విప్పి మడవవలెను. అనగా అంతటి సాహసికునకును తుది యాధారము పరులచేతిమీదనే యున్నది. తన వంతు పని తాను చేసి, మిగిలినది తెలిసినవాని చేతికి విడిచిపెట్టుటయే వారి విద్య.

ఈ విద్య ప్రయాణికురాలికిని అలవడును. ఆమె చేతిలో నున్న పనులు నాలుగు కలవు.

మొదటిది నడుముపట్టీ. కూర్చుండినంతసేపును దానిని వదులుగానైనను కట్టుకొనియే యుండవలెను. 2024 జనవరి 5న అమెరికాలో 16,000 అడుగుల యెత్తున ఒక విమానపు ప్రక్కగోడలోని పెద్ద పలక ఊడిపోయినది. అయినను అందున్న 177 మందియు ప్రాణములతో దిగిరి.

రెండవది శ్వాసముసుగు. అది తలపైనుండి వ్రేలాడినప్పుడు తల్లి తన ముక్కునకే ముందు తగిలించుకొనవలెను, పిమ్మట బిడ్డకు. బిడ్డకు పెట్టక తాను తినని తల్లికి ఇది రుచింపని మాటయే. కాని తెలివి నిలుచునది అరనిమిషమే యైనప్పుడు, తల్లి స్పృహ తప్పినచో బిడ్డకు ముసుగు తగిలించువారెవరు? ఇచ్చట ముందు తాను తీసికొనుట స్వార్థము కాదు, మాతృధర్మము.

మూడవది, తన వరుసనుండి దగ్గరి ద్వారమునకు ముందును వెనుకను ఎన్ని వరుసలున్నవో లెక్కించుకొనుట. పొగ క్రమ్మినప్పుడు కన్ను పనిచేయదు, లెక్క పనిచేయును.

నాలుగవది, దిగి పరుగెత్తుడనినప్పుడు సామాను ముట్టకుండుట. 2024 జనవరి 2న టోక్యో హానెడా విమానాశ్రయమున మంటలు చెలరేగిన జపాను విమానమునుండి 379 మందియు బయటపడిరి. సామాను విడిచివచ్చుట అందుకు తోడ్పడినది. ఆవకాయ జాడీ మరల పెట్టుకొనవచ్చును.

సోదరీమణులారా! ఈ నాలుగును చేసినంతమాత్రమున ఆపద రానే రాదని మేము చెప్పజాలము. అహమ్మదాబాదు విమానమందలి వారిలో ఎందరు పట్టీ కట్టుకొని బుద్ధిగా కూర్చుండియుండిరో! చేతనైనది చేయుటవలన కలుగునది అభయము కాదు, నెమ్మది. ఆపైన విమానము నడపువారును, దాని మరలను బిగించి పరీక్షించువారును తమ వంతు చేసియుందురని నమ్మి కూర్చుండుట తప్ప, వందలసార్లు దూకిన వీరవనితకును వేరు దారి లేదు.

కావున పురుటికి పోవు తల్లిని విశాఖపట్టణమున విమానమెక్కించునప్పుడు ఆమె భయమును చూచి పిల్లలు నవ్వరాదు. “ఏమీ కాదులే అమ్మా” యను మాటతో సరిపెట్టరాదు. ముందురోజు రాత్రి ఇంటనే ఆమెను కూర్చుండబెట్టి, పట్టీ యెట్లు బిగించునో, ఎట్లు విప్పునో చూపుడు. ముసుగు సంగతి చెప్పి, ఆమెచేత తిరిగి చెప్పించుడు. వరుసలు లెక్కించుట నేర్పుడు. పని చేతికిచ్చినచో మన తల్లుల గుండె నిలుచును. ఇన్ని సంసారములను వారు నడిపినది ఆ తీరుననే కదా.