స్త్రీల నెలసరి ఆరోగ్యం – ఆక్యుపంక్చర్: ఒక విన్నపం

"ఆరోగ్యమే మహాభాగ్యం" అన్నారు తెలుగువారు. "తందురుస్తీ హజార్ నేమత్" అన్నది ఉర్దూ సామెత. రెండు భాషలు చేయి చేయి కలిపి నడిచే మన కళాశాలలో ఈ రెండు సూక్తులనూ ప్రతి ఏడు వక్తృత్వపు పోటీలలో వింటూనే ఉన్నాం. కాని మన విద్యార్థినులలో అనేకులు నెలనెలా అనుభవించే బాధను గురించి మాత్రం రెండు భాషలలోనూ మౌనమే వహిస్తున్నాం. ఒక ఇంటిలో దానికి 'మైల' అని పేరు, మరొక ఇంటిలో 'శరమ్' అని పేరు. పేరు ఏదైనా ఫలితం ఒక్కటే. ఆ పిల్ల నోరు విప్పదు.

ఈ మౌనానికి మూల్యం చెల్లిస్తున్నది చదువు. మదనపల్లె, పుంగనూరు పరిసర గ్రామాల నుండి బస్సులో నిలబడి వచ్చే బాలిక, కుప్పం వైపు నుండి వచ్చి వసతిగృహంలో ఉండే బాలిక, బహిష్టు నొప్పి వలన నెలకు రెండు దినములు మానివేసినదనుకొందాం. పది నెలల విద్యా సంవత్సరంలో ఇరవై దినముల పాఠాలు పోయినట్లే. హాజరు పట్టికలో అది 'గైర్హాజరు' అని మాత్రమే నమోదవుతుంది. కారణం ఎవరూ అడుగరు, ఆమె చెప్పదు.

ఇటీవల మన పట్టణాలలో ఆక్యుపంక్చర్ పేరు తరచుగా వినబడుతున్నది. చైనా దేశపు ఈ ప్రాచీన వైద్యం మనకు అపరిచితమైనది కాదు. 1938లో చైనా ప్రజల సేవకై మన దేశం నుండి వెళ్లిన ఐదుగురు వైద్యులలో డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ 1942లో అక్కడనే అసువులు బాశారు. ఆయన గాథను శాంతారాం 1946లో చలనచిత్రంగా తీశారు. అదే బృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు తరువాతి కాలంలో చైనాలో ఈ విద్యను అభ్యసించి 1959 ప్రాంతంలో కలకత్తాలో ప్రవేశపెట్టారు. సేవకై వెళ్లిన మన వైద్యుడే తిరిగి వచ్చేటప్పుడు ఈ సూదిని వెంట తెచ్చారన్నమాట.

చైనా వైద్యుల సిద్ధాంతం ప్రకారం శరీరంలో 'చీ' అనే ప్రాణశక్తి, దానితోపాటు రక్తం కొన్ని మార్గాలలో ప్రవహిస్తుంటాయి. ఆ ప్రవాహం స్తంభించిన చోట నొప్పి పుడుతుంది. బహిష్టు నొప్పికి చలువ, దిగులు, నిస్సత్తువ కారణాలని వారి భావన. పాదపు లోపలి వైపు చీలమండ గుబ్బకు నాలుగు వేళ్ల ఎత్తున, ముంగాలి ఎముక వెనుక అంచున ఉండే 'సన్‌యిన్‌జియావ్' అనే స్థానం ఇందుకు ముఖ్యమైనది. కాలిలోని మూడు మార్గాలు అక్కడ కలుస్తాయని వారి లెక్క. అక్కడ సూది గ్రుచ్చుతారు. లేదా బొటనవ్రేలితో కొంతసేపు నొక్కుతారు. గర్భిణులకు ఈ స్థానాన్ని తాకరాదని ఆ సంప్రదాయమే హెచ్చరిస్తున్నది. పొత్తికడుపుకు మూలికల వేడి తగిలించడం కూడా వారి పద్ధతి. మన అవ్వలు, నానీలు గుడ్డ మడతను వేడిచేసి పెట్టే కాపడం దీనికి దగ్గరి చుట్టమే కదా!

మరి ఇది నిజంగా పనిచేస్తుందా? ఆధునిక శాస్త్రం ప్రకారం బహిష్టు నొప్పికి ముఖ్య కారణం గర్భాశయపు లోపొరలో పుట్టే ప్రోస్టాగ్లాండిన్లు. అవి కండరాన్ని బిగియజేస్తాయి. సూది గ్రుచ్చినప్పుడు మెదడులో ఎండార్ఫిన్లనే నొప్పి నివారక పదార్థాలు వెలువడతాయని కొందరు శాస్త్రజ్ఞులు చెబుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ప్రచురించిన సమీక్ష ఆక్యుపంక్చర్ వలన ఉపశమనం కలిగే బాధలలో బహిష్టు నొప్పిని చేర్చింది. కాని 2016లో కాక్రేన్ సంస్థ 42 ప్రయోగాలను, 4,640 మంది స్త్రీల అనుభవాలను పరిశీలించి, నిశ్చయంగా చెప్పడానికి సాక్ష్యం చాలదని తేల్చింది. కనుక దీనిని ఉపశమనంగా భావించడంలో తప్పు లేదు. సర్వరోగ నివారిణి అని ప్రకటించుకొనేవారిని నమ్మడం మాత్రం తప్పు.

ఇట్లా తూచి చూడడం మన సీమకు కొత్త కాదు. మదనపల్లె చెంతనే ఆరోగ్యవరంలో 1915 నుండి క్షయరోగులకు విశ్రాంతి, పరిశుభ్రమైన గాలి, పుష్టికరమైన ఆహారంతో చికిత్స జరిగింది. దేశంలో బి.సి.జి. టీకా మొట్టమొదట 1948లో ప్రయోగాత్మకంగా వేయబడినది మదనపల్లెలోనే. అంతటితో ఆగక, టీకా పొందినవారిని, పొందనివారిని పోల్చి దాని గుణాన్ని లెక్కగట్టిన పరిశోధన కూడా ఇక్కడనే సాగింది. ఆహార విశ్రాంతులను గౌరవించాలి, మందును పరీక్షించాలి. ఆరోగ్యవరం నేర్పిన ఈ పాఠం ఆక్యుపంక్చర్ విషయంలోనూ వర్తిస్తుంది.

సూది చేయలేని పని ఒకటున్నది. అది రక్తాన్ని పుట్టించలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏండ్ల బాలికలలో 59.1 శాతం రక్తహీనులు. అంటే పదిమందిలో దాదాపు ఆరుగురు! ఇందుకు వేయవలసిన మొదటి మెట్టు మన వంటింటిలోనే ఉన్నది. రాగి సంగటి, ఉలవలు, వేరుశనగ, మునగాకు మన పడమటి పల్లెలకు పరాయివి కావు. వాటితో నిమ్మరసమో ఉసిరికాయో చేర్చితే ఇనుము బాగా వంటబడుతుంది. భోజనం కాగానే చాయ్ త్రాగితే అది అడ్డగింపబడుతుంది. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే ఆహారంతోపాటు ఇనుము మాత్రలు కూడా వైద్యుల సలహాపై వాడాలి. స్రావం ఏడు దినములు మించినా, గంటగంటకు గుడ్డ మార్చవలసి వచ్చినా, మూడు నెలలు నెలసరి రాకపోయినా, పదిహేను నిండినా రజస్వల కాకపోయినా, నొప్పి ఏటికేడు పెరుగుతున్నా సూదుల కోసం వెదకక ముందుగా స్త్రీ వైద్య నిపుణురాలిని చూడాలి. సూది వేయించుకొనేవారు సైతం శిక్షణ పొందిన వైద్యుని వద్దనే, ఒక్కసారి వాడి పారవేసే సూదులతోనే వేయించుకోవాలి. లేకున్న కామెర్ల వంటి వ్యాధులు అంటుకొనే ప్రమాదమున్నది.

"ఇవి బహిరంగంగా చర్చించవలసిన విషయాలా?" అని పెద్దలు కొందరు నొచ్చుకొనవచ్చు. హయా ఉత్తమ గుణమే. అయితే మదీనాలోని అన్సారీ స్త్రీలు ఇటువంటి విషయాలనే ప్రవక్తను స్వయంగా అడిగి తెలుసుకొన్నారనీ, సిగ్గు వారి విద్యకు అడ్డురాలేదని హజ్రత్ ఆయిషా వారిని మెచ్చుకొన్నారనీ హదీసులు తెలుపుతున్నాయి. ఆ దినములలో నమాజు నుండి, రంజాన్ ఉపవాసం నుండి స్త్రీకి మినహాయింపు ఇచ్చిన ధర్మం ఆమె శరీర స్థితిని గుర్తించింది. ధర్మం గుర్తించిన దానిని కళాశాల గుర్తించకపోవడం న్యాయమా?

కనుక కళాశాల కమిటీ వారికి వినయపూర్వకంగా నాలుగు మనవులు. విద్యార్థినులకు ఒక విశ్రాంతి గది, గడియ సరిగా పడే మరుగుదొడ్లు, అందులో నిరంతరం నీరు, మూతగల చెత్తబుట్ట ఏర్పరచండి. ఏడాదికొకసారి రక్తపరీక్ష జరిపించండి. తెలుగులోనూ ఉర్దూలోనూ మాట్లాడగల వైద్యురాలిచే ప్రసంగం ఏర్పాటు చేయండి. ఆ దినముల గైర్హాజరును కారణం అడుగకుండానే సానుభూతితో పరిశీలించండి. వీటికి వ్యయం స్వల్పం, ఫలం అధికం.

సోదర విద్యార్థులకు ఒక్క మాట: ఇది పరిహాసానికి పాత్రమైన విషయం కాదు, మీ అక్కచెల్లెళ్ల ఆరోగ్యం. సోదరీమణులకు ఒక్క మాట: నొప్పిని ఓర్చుకోవడమే సుగుణం కాదు, తల్లికో, అధ్యాపకురాలికో, వైద్యురాలికో చెప్పండి. చికిత్స సూదితో జరిగినా, మాత్రతో జరిగినా, అది ఆరంభమయ్యేది మీరు చెప్పిన మొదటి మాటతోనే.