అందరూ ఆడే ఆట

నాట్యమనగానే నేటి విద్యార్థికి విద్యుద్దీపాల వేదిక, దానిపై నర్తించే కొద్దిమంది కళాకారులు, ఎదుట కూర్చుని కరతాళధ్వనులు చేసే ప్రేక్షకులు స్ఫురిస్తారు. ఆడేవారు వేరు, చూసేవారు వేరు అన్న ఈ విభజన మన జానపద సంప్రదాయంలో ఇంత గట్టిగా ఉండేది కాదు. పల్లెలో పండుగనాటి రాత్రి కోలాటం మొదలైతే, చూస్తూ నిలిచినవాడే మరుక్షణంలో కోలలు పట్టి ఆటలో కలిసేవాడు.

మన పూర్వులు ఇటువంటి సామూహిక నృత్యాలను శాస్త్రగౌరవానికి తగినవిగానే భావించారు. కాకతీయ గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయప సేనాని క్రీ.శ. 1254 ప్రాంతంలో సంస్కృతంలో నృత్తరత్నావళిని రచించాడు. ఎనిమిది అధ్యాయాల ఆ గ్రంథంలో నాలుగింటిని మార్గ పద్ధతికి, తక్కిన నాలుగింటిని దేశి పద్ధతికి కేటాయించాడు. కోలలు తాకిస్తూ ఆడే దండరాసకం ఆయన వర్ణించిన దేశి నృత్యాలలో ఒకటి.

కోలాటంలోని అడుగుల కూర్పును కోపు అంటారు. నాయకుడు సంకేతమివ్వగానే వలయమంతా ఒక కోపు నుండి మరొక కోపుకు మారుతుంది. వీటిలో జడకోలాటం మిక్కిలి నేర్పుతో కూడినది. పైనుండి వేలాడే తాళ్ల కొసలను తలా ఒకటి పట్టుకొని, ఒకరినొకరు దాటుతూ ఆడితే తాళ్లు జడగా అల్లుకొంటాయి. అవే అడుగులను వెనుకకు వేస్తే జడ విడిపోతుంది. ఒక్కరు తడబడినా అందరి తాళ్లూ చిక్కుపడతాయి. తోటివారి అడుగును గమనించక తన అడుగు వేయడం ఇక్కడ సాధ్యం కాదు.

ఈ సమష్టి భావం ప్రాంతానికొక రూపం దాల్చింది. అరకులోయలో గిరిజన స్త్రీలు ఒకరి వెనుకనుండి ఒకరు చేతులు పెనవేసుకొని థింసా ఆడతారు. తెలంగాణలో బతుకమ్మ చుట్టూ తిరిగే స్త్రీలలో ఒకరు పాట ఎత్తుకొంటే తక్కినవారు చప్పట్లతో అందుకొంటారు. సంక్రాంతి వేళ గొబ్బిళ్ల చుట్టూ బాలికలు ఆడిపాడతారు.

అయితే గతమంతా ఆదర్శప్రాయమని భ్రమించరాదు. ఒక వాడవారి ఆటలో మరొక వాడవారికి చోటివ్వని ఊళ్లు ఉండేవి. ఎవరి డప్పు మోతకు ఊరు అడుగు కలిపిందో, ఆ డప్పు కొట్టిన చేతులకు ఆ వలయంలో స్థానం దక్కని సందర్భాలు లేకపోలేదు. సంప్రదాయాన్ని కాపాడటమంటే ఈ లోపాన్ని కూడా కాపాడటం కాదు.

నేడు ఈ నృత్యాలు పోటీలకు, ఉత్సవ వేదికలకు ఎక్కాయి. అందువల్ల కళాకారులకు గుర్తింపు, కొంత జీవనోపాధి లభించిన మాట వాస్తవం. కాని బహుమతి కోసం పదిమందిని ఎంపిక చేసి, తక్కినవారందరినీ కుర్చీలలో కూర్చోబెడితే కోలాటపు రూపం మిగులుతుందే గాని ప్రయోజనం మిగలదు. కళాశాల వార్షికోత్సవంలో పోటీలు జరగవలసిందే. అవి ముగిసిన పిదప ఒక గంటసేపు, బహుమతులు లేని కోలాటానికి కూడా అవకాశం ఉండాలి. అడుగు రానివారు వచ్చినవారి పక్కన నిలిచి నేర్చుకొంటారు. ఏ ఊరు, ఏ కులం అని అడగకుండా పక్కవారి కోలకు తన కోల తాకించడం అలవడిన యువతకు, రేపు సమాజంలో కలిసి నడవడం కొంతైనా సులభమవుతుంది.