వరుసయిల్లా, విడియిల్లా?



అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, డల్లాసు నగర ప్రాంతమునుండి యొక సోదరి వ్రాసిన యుత్తరము ఈ నెల చేరినది. భర్త యుద్యోగి, మూడేండ్ల బిడ్డ, మోకాళ్ల నొప్పులు గల అత్తగారు ఏటేట వచ్చి కొన్ని మాసములు వారియొద్ద నుందురు. ఇప్పుడు ఇల్లు కొనదలచి, ఆ దేశమున టౌన్‌హోము అనెడి వరుసయింటిని కొనుటయా, నలుప్రక్కల ఖాళీ స్థలము గల విడియింటిని కొనుటయా యని దంపతులు వాదులాడుకొనుచున్నారట. ఆయనకు వరుసయిల్లు, ఆమెకు విడియిల్లు ఇష్టము. ఎవరి మాట సబబో చెప్పుమని యడిగినది. ఆ దేశమున బిడ్డలు గల తల్లులు మన పాఠకురాండ్రలో ననేకులు గలరు గావున ఇందే సమాధానము వ్రాయుచున్నాను.

వరుసయిల్లు మనకు క్రొత్త కాదు. మన పాత వీధులలోను రెండిండ్లకు నడుమ ఒక్కటే గోడ యుండెడిది; ఉమ్మడిగోడ తగవులు మన పెద్దలెరుగనివి కావు. టౌన్‌హోముననట్లే ప్రక్కగోడ పొరుగువారితో ఉమ్మడి. వీధివాకిలి మాత్రము ఎవరిది వారిదే. భేదమేమన, మన పెద్దలు పొరుగమ్మతో మాటాడి తీర్చుకొనిన దానిని అక్కడ ఇంటిసొంతదారుల సంఘము వ్రాతమూలకముగ తీర్చును. దానికి నెలనెలయు చందా చెల్లింపవలెను. గడ్డి కోయించుట, వెలుపలి రంగులు, కొన్నిచోట్ల పైకప్పు మరమ్మతు సంఘమే చూచుకొనును. శనివారములు తనకు మిగులునని భర్తగారనిన మాట నిజమే. కాని ఇంటియప్పు ముప్పది యేండ్లకు తీరినను చందా తీరదు. అప్పిచ్చు బ్యాంకువారును దానిని నెలసరి భారమున చేర్చియే లెక్కింతురు. బకాయిపడినచో సంఘము ఇంటిపై హక్కు నమోదు చేయించి, అనేక రాష్ట్రములలో వేలము వేయింపను గలదు.

కావున వంటయింటి అలమారలు చూడకమునుపు సంఘపు నిలువనిధిని చూడవలెను. 2021 జూను 24వ తేదీని ఫ్లోరిడా రాష్ట్రమున సర్ఫ్‌సైడు అను పట్టణములో నొక నివాసభవనము కూలి 98 మంది మరణించిరి. అది వరుసయిల్లు గాదు, పెద్ద మేడ. అయినను సొంతదారుల సంఘమే దానిని నడిపినది. మరమ్మతులు ఏండ్లతరబడి వెనుకబడి, తుదకు కోటిన్నర డాలర్లు సొంతదారులే పంచుకొని చెల్లింపవలెనని యా యేటి వసంతమున నిర్ణయమైనది. పని పూర్తిగాకమునుపే భవనము కూలినది. వరుసయింటికి అంతటి యాపద రాకపోవచ్చును. కాని నిధి చాలనప్పుడు ప్రత్యేకవసూలు పేర ఒక్కసారిగా పెద్దమొత్తము చెల్లింపుడని యుత్తరము వచ్చుట అక్కడ సామాన్యమే. ఈ సంవత్సరపు ఆదాయవ్యయ పత్రము, నిలువనిధి లెక్క, గత రెండేండ్ల సమావేశముల వ్రాతలు చూపుమని యడుగుట కొనువారికి తప్పు గాదు. ఇంటిక్రింది నేల తమదగునో, అందఱిదిగ నుండునో యనియు నడుగవలెను. బీమా తీరు దానినిబట్టి మారును.

ఇక మెట్లు. క్రొత్తగా కట్టు వరుసయిండ్లలో పెక్కింటికి క్రింద గారేజి, నడుమ వంటయిల్లు, పైన పడకగదులు. బియ్యపు మూట మొదలు పాలడబ్బా వఱకు ప్రతి వస్తువు మెట్లెక్కవలసినదే. అత్తగారు కాఫీకి దిగి, స్నానమున కెక్కి, భోజనమునకు మరల దిగవలెను. రెండవ నెలకు భోజనము గదికే తెమ్మందురు. అప్పుడు పళ్లెము పట్టుకొని మెట్లెక్కువారెవరో చెప్పనక్కఱలేదు. ఇల్లు చూడబోవు భర్తలు మెట్లు లెక్కింపరు. నేనెరిగిన యే భర్తయు లెక్కింపలేదు.

పోపు ఘాటు మఱియొకటి. పొయ్యిపైని గాలిమర పొగను గొట్టముద్వారా వెలుపలికి పంపునో, వడపోసి వంటయింటిలోనికే వదలునో చూడవలెను. వెలుపలి గోడకు రంధ్రము చేయవలెనన్న పెక్కు చోట్ల సంఘపు అనుమతి కావలెను. గుమ్మమునకు తోరణము కట్టనిత్తురా యని యా సోదరి భయపడినది. టెక్సాసున 2011లో చేసిన చట్టము తలుపుమీద ఇరువదియైదు చదరపు అంగుళముల మతచిహ్నమునకు మాత్రమే రక్షణ నిచ్చినది. 2021లో దానిని సవరించి విస్తరించిరి. తోరణమునకు దిగులు వలదు.

విడియింటికి సంఘము బెడద లేదనుకొనుట పొరపాటు. క్రొత్త కాలనీలలో దానికిని సంఘము, చందా తఱచుగ నుండును. డల్లాసు ప్రాంతమున వడగండ్లు కురియుట కలదు; పైకప్పు చెడినచో బీమావారితో మాటలాడుట, పనివారిని పిలుచుట అంతయు ఇంటివారి వంతే. అదిగాక, వారి సొమ్మునకు దొరకు పెద్ద విడియిల్లు ఊరికి దూరమున నున్నదట. ఆమెకు కారు నడుపుట రాదు! పగలంతయు బిడ్డతో, అత్తగారితో ఆ దూరపు టింట కూర్చుండుట ఎట్టిదో ఆమె యోచించినట్లు కానరాదు.

అమ్మా, మీ యిరువురి మాటయు నాకు నచ్చలేదు. పాతదైనను, చిన్నదైనను, అంగడికి నడిచిపోగల చోట ఒంటి అంతస్తు విడియిల్లు వెదకుడు. అది దొరకనిచో క్రిందనే యొక పడకగది, స్నానపుగది గల వరుసయింటిని, చివరిదైనచో మఱియు మేలు, చూడుడు. ఏది కొన్నను ఈలోగా కారు నేర్చుకొనుము.

వారు చూచిన వరుసయింటి సంఘపు లెక్కలు ఆమె యడిగినదట, ఇంకను రాలేదు. వచ్చినచో నకలు పంపెదనని వ్రాసినది. వచ్చు నెల వానిని చూచి తక్కినది వ్రాసెదను.