కోనసీమ కాలేజీల్లో సాయంత్రం ఒక గంట ఆటకివ్వండి

తల్లిదండ్రులకు, కళాశాల యాజమాన్యాలకు, అధ్యాపకులకు, ప్రజాప్రతినిధులకు విన్నపం



2022 మే 15. బ్యాంకాక్‌లో థామస్ కప్ ఫైనల్. అవతల ఇండోనేషియా. డబుల్స్‌లో మనవాళ్ళు మొదటి గేమ్ పోగొట్టుకున్నారు. రెండో గేమ్‌లో మ్యాచ్ పాయింట్లు కాచుకుని 23-21తో గట్టెక్కారు. మూడో గేమ్ 21-19తో గెలిచారు. ఆ జంటలో ఒకడు మన అమలాపురం కుర్రాడు, రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్. ఆ రోజే భారతదేశం మొట్టమొదటిసారి థామస్ కప్ ఎత్తింది. మరుసటి ఏడాది అదే జోడీ, సాత్విక్, చిరాగ్ శెట్టి, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచారు. ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో మన దేశానికి అదే తొలి స్వర్ణం. ఆ వెంటనే ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. గంటకు 565 కిలోమీటర్ల వేగంతో సాత్విక్ కొట్టిన స్మాష్ గిన్నిస్ రికార్డుకెక్కింది.

పేపర్లో ఫోటో చూసి అందరం మురిసిపోయాం. మరి ఆ అబ్బాయి ఇక్కడే ఉండి, ఇక్కడే ఇంటర్లో చేరి ఉంటే ఏమయ్యేవాడు? ఈ ప్రశ్న మనలో ఎవరం వేసుకోలేదు.

సాత్విక్ తండ్రి కాశీ విశ్వనాథ్ గారు వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆట తెలిసిన మనిషి కాబట్టి కొడుకు చేతిలో ఉన్నదేమిటో ఆయన కంట పడింది. 2014లో సాత్విక్ హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీలో చేరాడు. రైలు కూడా రాని అమలాపురం నుంచి నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. చిన్న పిల్లవాణ్ణి అంత దూరం పంపి ఇంట్లో కూర్చోవడం ఏ తల్లిదండ్రులకైనా తేలిక కాదు. కాశీ విశ్వనాథ్ గారు 2025 ఫిబ్రవరిలో కన్నుమూశారు. అలాంటి తండ్రి ప్రతి ఇంట్లోనూ ఉండడు. ఆయన ఒక్కరూ ఇంట్లో చేసిన పని, ఊళ్ళో అందరి పిల్లలకూ కాలేజీ చెయ్యాలి. ఈ కరపత్రంలో నేను చెప్పదలచుకున్నది అంతే.

నేను ముప్పై ఏళ్ళు ఈ గోదారి పిల్లల్ని ఆడించిన మాస్టారిని. లంక గ్రామం నుంచి పంటు ఎక్కి వచ్చే ఒక అమ్మాయి నాకింకా కళ్ళముందే ఉంది. పదో తరగతిలో కబడ్డీలో జిల్లా జట్టుకు ఆడింది. ఇంటర్లో చేరిన కొత్తల్లో రాష్ట్ర పోటీలకు పిలుపొచ్చింది. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి, ఫిజిక్స్ పుస్తకంలో దాచుకుని వెళ్ళి కాలేజీలో చూపించింది. “వారం రోజులు పోతే ఎంసెట్ సిలబస్ ఎవరు పూర్తి చేస్తారమ్మా?” అన్నారు. ఇంట్లోనూ అదే మాట. ఆ సాయంత్రం మా గుమ్మం ముందు నిలబడి, “మాస్టారూ, బూట్లు మా తమ్ముడికి ఇచ్చేశాను” అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని ఆ చట్టమే చెప్పింది. కానీ ఆ హక్కు పద్నాలుగేళ్ళకు ముగిసిపోతుంది. ఒళ్ళు గట్టిపడి, ఆట పదునెక్కే వయసు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. ఇంటర్ రెండేళ్ళూ మన పిల్లలు మేడ మీద గదుల్లో, ట్యూబులైట్ల కింద గడుపుతున్నారు. ఆట కావాలంటే చదువు, ఊరు రెండూ వదులుకోవాలి. చదువు కావాలంటే ఆట వదులుకోవాలి.

ఆటనూ చదువునూ కలిపి నడిపే చోట్లూ ఉన్నాయి. అమెరికాలో ఫుట్‌బాల్ అనే వాళ్ళ మొరటు ఆట కాలేజీల్లోనే పెరిగింది. 1905లో మైదానాల్లో కుర్రాళ్ళ ప్రాణాలు పోతుంటే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పెద్ద కాలేజీల వాళ్ళను పిలిపించి మాట్లాడారు. మరుసటి ఏడాది చాలా కాలేజీలు కలిసి ఒక సంఘం పెట్టుకుని నిబంధనలు రాసుకున్నాయి. ఈనాడు అక్కడ సీజన్‌లో వారానికి ఇరవై గంటలకు మించి సాధన చేయించకూడదు. చదువులో వెనకబడితే జట్టులో చోటు ఉండదు. బాగా ఆడేవాడికి చాలా కాలేజీలు ఫీజు కడతాయి. భారతీయుడైన తండ్రికి పుట్టిన బ్రాండన్ చిల్లర్ అలాగే లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆడి, 2004లో వృత్తి ఆటలోకి వెళ్ళాడు. కాలేజీలో ఆ ఆట ఆడినవాళ్ళలో నూటికి ఇద్దరు కూడా వృత్తి ఆటగాళ్ళు కాలేరు. మిగిలినవాళ్ళకు చేతిలో డిగ్రీ ఉంటుంది, ఒంట్లో సత్తువ ఉంటుంది. వాళ్ళ డబ్బూ, వాళ్ళ హంగూ మనకు అక్కర్లేదు. ఆటా చదువూ ఒకే గేటు లోపల ఉండాలన్న ఆ పద్ధతి చాలు.

“ఆట అన్నం పెడుతుందా మాస్టారూ?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2025 మెగా డీఎస్సీలో 3 శాతం క్రీడా కోటా కింద 421 టీచర్ పోస్టులు కేటాయించారు. అన్నం పెట్టే దారులు ఉన్నాయి. ఆ దారి పట్టాలంటే ముందు పిల్లకు ఆడే అవకాశం ఉండాలి.

నేను కోరేవి ఇవి:

1. ప్రతి జూనియర్, డిగ్రీ కాలేజీలో రోజూ చివరి గంట ఆటకే ఉండాలి. ఆ గంటలో స్లిప్ టెస్టులు పెట్టకూడదు.

2. సొంత గ్రౌండ్ లేని కాలేజీకి దగ్గరలోని ప్రభుత్వ హైస్కూలు గ్రౌండ్ సాయంత్రం వాడుకోనివ్వాలి. చివరి బెల్లు కాగానే గేటుకు తాళం వేసే అలవాటు పోవాలి.

3. ప్రతి కాలేజీకీ ఫిజికల్ డైరెక్టర్ ఉండాలి. ఖాళీలు నింపాలి. ఉన్నవాళ్ళను ఆఫీసు పనులకు వాడుకోకూడదు.

4. పోటీలకు వెళ్ళిన పిల్లలకు హాజరు వెయ్యాలి. తప్పిన ప్రాక్టికల్స్, పరీక్షలు మళ్ళీ పెట్టాలి.

5. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో ఏటా కాలేజీల మధ్య లీగ్ జరగాలి. అబ్బాయిలకెన్ని ఆటలో అమ్మాయిలకూ అన్నే. ఆట అయ్యాక అమ్మాయిలు చీకటి పడకముందే ఇల్లు చేరేలా బస్సు ఉండాలి.

6. ఈ గాలికి ఆరుబయట షటిల్ నిలవదు. మూడు చోట్లా తక్కువ ఫీజుతో విద్యార్థులు ఆడుకునే ఇండోర్ కోర్టు కావాలి.

వీటిలో మొదటి రెండింటికీ, నాలుగోదానికీ పెద్ద ఖర్చేమీ లేదు. మనసుంటే వచ్చే సోమవారం నుంచే మొదలుపెట్టొచ్చు.

తల్లిదండ్రులకు చివరిగా ఒక్క మాట. అడ్మిషన్ ఫారం నింపే ముందు ఫీజు ఎంత, ర్యాంకులెన్ని అని ఎలాగూ అడుగుతారు. ఈసారి ఇంకొకటి కూడా అడగండి: “మీ గ్రౌండ్ ఎక్కడుంది? ఒకసారి చూపించండి.” ఒక్కరు అడిగితే నవ్వి ఊరుకుంటారు. పది మంది అడిగితే గ్రౌండ్ వెతుక్కుంటారు. దయచేసి ఆ పది మందిలో మీరూ ఉండండి.

ఇట్లు,
రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు,
అమలాపురం