జీతం చాలదని పాఠం తగ్గించవచ్చునా?

తాడేపల్లిగూడెం: రెండో ప్రపంచ యుద్ధకాలంలో తెల్లవారు వేసిన రన్‌వే గూడెంలో ఇంకా ఉంది. దాని మీద విమానాలు మాత్రం దిగడం లేదు. పైలట్ కావాలనుకునే ఈ ప్రాంతపు కుర్రవాడు హైదరాబాదు బేగంపేటకో, ఉత్తరాదికో, అమెరికాకో పోవలసిందే. కమర్షియల్ లైసెన్సుకు మన దేశంలో 200 గంటలు ఎగరాలి. ఖర్చు లక్షల్లో ఉంటుంది. చేను తాకట్టు పెట్టి డబ్బు కట్టే తండ్రికి, ఆ గంటలు నేర్పే శిక్షకుడికి ముట్టేది ఎంతో తెలియదు.

విమాన కంపెనీల్లో కెప్టెన్ జీతంతో పోలిస్తే అది బాగా తక్కువ. పైగా చాలా చోట్ల గాలిలో గడిపిన గంటలకే లెక్క కడతారు. ఎగరబోయే ముందు బోర్డు మీద చెప్పే పాఠం, దిగాక కూర్చోబెట్టి తప్పులు దిద్దే సమయం లెక్కలోకి రావు. కోత మొదట పడేది అక్కడే. 'ఇచ్చే డబ్బుకు ఇది చాలులే' అన్న మాట పుట్టేదీ అక్కడే.

శిక్షకుడి బాధ నిజమే. అయితే ఆ కోత ఎవరికి తగులుతున్నదన్నదే అసలు ప్రశ్న. కొల్లేరు చెరువుల మీద కాపలా మనిషి తెల్లవారుజామున ఏరియేటర్లు వేయకుండా పడుకుంటే గాలి చాలక చేప తేలిపోతుంది. నష్టం తక్కువ జీతం ఇచ్చిన ఆసామిదే (అది న్యాయమని కాదు). విమానంలో అలా కాదు. ఫీజు పుచ్చుకున్న యజమానికి వెంటనే ఏమీ కాదు. వేగం తగ్గి రెక్కలు పట్టు తప్పినప్పుడు ఏం చేయాలో సరిగా నేర్వని కుర్రవాడు ఒంటరిగా పైకి వెళతాడు.

2009 ఫిబ్రవరిలో అమెరికాలోని బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది మరణించారు. వేగం పడిపోయినప్పుడు ముక్కు దించవలసింది పోయి కెప్టెన్ పైకి లాగాడు. కో-పైలట్ జీతం ఎంత తక్కువో ఆ విచారణలోనే బయటపడింది. 2010లో అక్కడ చట్టం తెచ్చి, ప్రయాణికుల విమానం నడపడానికి సాధారణంగా 1,500 గంటల అనుభవం కావాలన్నారు. ఆ గంటలు పోగు చేసుకోవడానికి ఎందరో కుర్ర పైలట్లు శిక్షకులుగా చేరుతున్నారు. వారికి పాఠం చెప్పడం ఒక మజిలీ మాత్రమే.

శిక్షకుడు జీతం పెంచమని నిలదీయవచ్చు, ఎక్కువ మందిని అప్పగిస్తే కాదనవచ్చు, మానేసి పోవచ్చు. చెప్పని పాఠం చెప్పినట్టు లాగ్‌బుక్కులో సంతకం పెట్టడం మాత్రం వేరే సంగతి. నేల మీద చెప్పే పాఠానికీ కూలి కట్టించే బాధ్యత యజమానులది. ఏలూరు, గూడెం నుంచి పిల్లలను పంపే తండ్రులు ఫీజు కట్టే ముందు రెండు సంగతులు అడగాలి: ఒక్కో శిక్షకుడి కింద ఎందరు పిల్లలు, విమానం దిగాక ఆయన వారితో ఎంతసేపు కూర్చుంటాడు.